స్విచ్ దించిన తర్వాతి రొద

నేను చెప్పేది ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఇచ్చిన అర్జీలు మూడు. మూడింటి నకళ్లూ నా దగ్గర ఉన్నాయి, మూడింటి మీదా అందినట్టు ముద్ర ఉంది. మొదటిది ఇచ్చిన రోజు ఇంజనీరు రెండు వాక్యాలు చదివి, ఫ్యాను ఆగిపోయిందని ఆ కాగితంతోనే విసురుకున్నాడు. రెండోది ఇచ్చిన రోజు ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. నా వెనక వచ్చిన కాంట్రాక్టరును మాత్రం కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మూడోసారి గుమాస్తా తల ఎత్తకుండానే "మళ్లీ నువ్వేనా పెద్దాయనా" అన్నాడు. గ్రామసభలో లేచి నిలబడితే వెనక వరసలోంచి ఒకాయన కావాలని గట్టిగా దగ్గాడు, అందరూ నవ్వారు. దగ్గింది ఎవరో నాకు తెలుసు. పేరు రాయడం లేదంటే మరిచిపోయానని కాదు.

విషయం చిన్నదే. మా పొలాల మధ్య ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం ఎక్కే మనిషి ఒకడున్నాడు. అక్కడ ఇప్పుడున్న ఏర్పాటు మారకపోతే అతను ఏదో ఒక రోజు ప్రాణంతో దిగడు. ఈ మాటే ఆఫీసు భాషలో మూడుసార్లు రాశాను. ఇప్పుడు మామూలు భాషలో, మొదటి నుంచి రాస్తాను.

పామిడి నుంచి గుంతకల్లు వైపు వస్తుంటే పెన్న ఇసుక కనుమరుగయ్యాక ఎర్ర నేలలు మొదలవుతాయి. మా పొలాలు అక్కడే. వాన మీద నమ్మకం పోయిన వాళ్లందరం బోర్లు వేసుకున్నాం. ఎనిమిది బోర్లకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. రెండు స్తంభాల మధ్య ఇనుప దూలాల మీద కూర్చుని ఉంటుంది. చుట్టూ కంప చెట్లు తప్ప నీడ లేదు కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం మేకలు వచ్చి దాని నీడలోనే నిలబడతాయి. పైన పదకొండు వేల వోల్టులు, కింద మేకలు. తొలిసారి చూసిన వాళ్లకు భయం వేస్తుంది. మాకు అలవాటైపోయింది. అసలు కీడంతా ఆ అలవాటులోనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నాకెలా తెలుసని ఇంజనీరు అడిగాడు. అడిగాడే కానీ జవాబు వినలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. నాకు పాతికేళ్లప్పుడు వరసగా రెండేళ్లు శెనక్కాయ పంట చేతికి రాలేదు. గుంతకల్లుకు పోయి మోటార్లకు తీగ చుట్టే షాపులో చేరాను. నాలుగేళ్లు పనిచేశాను. షాపు యజమానిని అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఆయన తిట్లు నేను మరిచిపోలేదు, ఆయన చెప్పిన పాఠమూ మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం పని లేనప్పుడు ఆయన పల్చటి ఇనుప రేకుల దొంతర ఒకటి ముందు పెట్టుకున్నాడు. దానికి ఒక పక్క సన్న తీగ వందల చుట్లు, రెండో పక్క లావు తీగ కొద్ది చుట్లు. లావు తీగ కొసలకు ముల్లు ఉన్న మీటరు తగిలించాడు. సన్న తీగ కొసలను బ్యాటరీకి తాకించాడు. ముల్లు ఒక్కసారి ఎగిరి, మళ్లీ సున్నా దగ్గరికి వచ్చి పడుకుంది. బ్యాటరీ తగిలే ఉంది, ముల్లు మాత్రం కదలదు. తీగ తీశాడు. ఈసారి ముల్లు ఎదురు దిక్కుకు ఎగిరి పడుకుంది.

"చూసినావా? ఈ తీగె ఆ తీగెను తాకలేదు. యాడా తాకలేదు. మరి ముల్లు ఏంటికి ఎగిరినాది?" అన్నాడు ఉస్తాద్.

"ఇనుములో కరెంటు పోయింటాది ఉస్తాద్," అన్నాను.

"నీ తలకాయలో పోయింటాది. కరెంటు పోలేదురా. ఇనుము అయస్కాంతం అయినాది. తీగె తీస్తే మళ్లా ఉత్త ఇనుము అయినాది. ఆ మారేటప్పుడే పక్క చుట్టకు తెలుస్తాది. మారకుండా గమ్మునుంటే దానికేం తెల్దు."

మన ఇళ్లకు వచ్చే కరెంటు గమ్మున ఉండే రకం కాదు. క్షణం ఆగకుండా ఇటూ అటూ మారుతూనే ఉంటుంది. అందువల్ల ఇనుము కూడా క్షణం విశ్రాంతి లేకుండా అయస్కాంతం అవుతూ, మారుతూ, మళ్లీ అవుతూ ఉంటుంది. రెండో చుట్టలో ఒక్కో చుట్టుకు ఇంత అని సమానంగా వోల్టేజి పుడుతుంది. చుట్లు ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ. మా పొలాల్లో ఉన్నదాంట్లో పై లైనుకు తగిలే చుట్టలో చుట్లు వేలల్లో ఉంటాయి, మోటార్ల వైపు చుట్టలో వందకు అటూ ఇటూ. పైన వచ్చే పదకొండు వేలు కిందికి నాలుగు వందల చిల్లరగా దిగేది అలాగే. ఇనుప రేకులు అలా లాగుడు పడి వణుకుతాయి. ఆ వణుకే మనకు వినిపించే రొద. ట్రాన్స్‌ఫార్మర్ రొద పెడుతుంటే లోపల కరెంటు ఉన్నట్టు, మౌనంగా ఉంటే లేనట్టు. ఉస్తాద్ ముందు చెవి పెట్టి వినకుండా దేన్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అసలు పాఠం ఇంకోటి ఉంది. ఒకసారి నేను బాగుచేసిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించబోయి, తొందరలో కరెంటును తక్కువ చుట్లున్న వైపు ఇచ్చాను. రెండో వైపు తీగ కొసలు పట్టుకోబోతుంటే ఉస్తాద్ చెక్క సుత్తితో నా మణికట్టు మీద కొట్టాడు. వారం రోజులు వాపు దిగలేదు.

"దీనికి ముందూ వెనకా తెల్దురా! నువ్వు యాడ ఇస్తే అదే ముందు. పెద్ద పక్క ఇస్తే తగ్గిస్తాది, చిన్న పక్క ఇస్తే అంతకంత పెంచుతాది. దానికి నీ మీద కోపమూ లేదు, ప్రేమా లేదు," అన్నాడు.

ఆ దెబ్బ కూడా నేను మరిచిపోలేదు. కాని దాన్ని అవమానాల్లో లెక్కపెట్టను.

తర్వాత ఊరికి తిరిగి వచ్చి బోరు వేసుకున్నాను. ఇక మా పొలాల్లో ఏం జరిగిందో చెబుతాను. పొలాలకు కరెంటు వంతులవారీగా వస్తుంది. పొద్దుటి వంతు మా లైనుది, మధ్యాహ్నం వంతు తూర్పు లైనుది. మా పెదనాయన కొడుకు నాకు వరసకు అన్న. ఆయన పొలం సరిగ్గా రెండు లైన్లకూ మధ్యలో ఉంది. ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి. ఎండలు ముదిరితే చీనీ చెట్టుకు వారం నీళ్లు తప్పినా కాయ రాలిపోతుంది. మా వంతు కరెంటు ఆయనకు చాలలేదు. అందుకని తూర్పు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కూడా తీగ లాక్కున్నాడు. మా ప్రాంతంలో సరిహద్దున పొలం ఉన్నవాళ్లు చాలామంది చేసే పనే ఇది. పొద్దున ఇటు నుంచి, మధ్యాహ్నం అటు నుంచి ఒకే మోటారు నడుస్తుంది.

మోటారు కొట్టంలో ఒక చెక్క పలక మీద రెండు వరసల పింగాణీ ఫ్యూజు గూళ్లు బిగించుకున్నాడు. పై వరస మా ట్రాన్స్‌ఫార్మర్‌ది, కింది వరస తూర్పుది. ఆ గూళ్లలో దోపే ఫ్యూజు పిడులు, కట్టౌట్లంటాం, మొదట్లో మూడే ఉండేవి. మా వంతు అయిపోగానే పై వరసలోంచి మూడూ లాగి కింది వరసలో దోపేవాడు. అలా చేసినంత కాలం ప్రమాదం లేదు. మూడే ఉన్నాయి కాబట్టి రెండు వైపులా ఒకేసారి ఉండటానికి వీల్లేదు. తర్వాత ఇంకో మూడు కొన్నాడు. రోజూ లాగి దోపడం విసుగట. ఇప్పుడు రెండు వరసల్లోనూ కట్టౌట్లు ఎప్పుడూ ఉంటాయి. ఏ లైనుకు కరెంటు వస్తే దానితో మోటారు దానంతట అదే మొదలవుతుంది. ఆయన మంచం దిగక్కర్లేదు.

ఉస్తాద్ మాట గుర్తున్నవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. తూర్పు లైనుకు కరెంటు వచ్చినప్పుడు ఆ నాలుగు వందల వోల్టులు అన్న పలక మీదికి వస్తాయి, పై వరస గుండా మా తీగల్లోకి పోతాయి, వెనక నుంచి మా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కుతాయి. మా ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. కింద ఇచ్చిన నాలుగు వందలను పైన పదకొండు వేలు చేస్తుంది. మా లైను ఆగిపోయి ఉంటుంది. ఊరంతా అది చచ్చిన లైను అనుకుంటూ ఉంటుంది.

ఇందులో నా తప్పూ ఉంది, దాచను. ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్ల తీగలకు ఒక ఇనుప పెట్టె ఉండేది. అందులో ఫ్యూజులు, విడదీసే హ్యాండిల్ ఉండేవి. పెట్టె తుప్పు పట్టి విరిగిపోయింది. కొత్తది కావాలని అడిగాం, రాలేదు. టమాటా మడి ఎండిపోతుంటే నేనే కటింగ్ ప్లేరు తీసుకుపోయి, ఎనిమిది బోర్ల తీగలనూ ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులకు నేరుగా బిగించాను. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. నన్ను ఊరు మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ పెట్టె ఉండి ఉంటే హ్యాండిల్ దించితే చాలు, అన్న తోట వైపు నుంచి ఏమి వచ్చినా ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేరేది కాదు.

రెండో వరస కట్టౌట్లు వచ్చినప్పటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ పైన ఉండే మూడు ఫ్యూజులు తరచూ పోవడం మొదలైంది. వంతు మారిన ప్రతిసారీ మా ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఆగిపోయిన లైను మొత్తాన్నీ ఒంటరిగా నడపబోయేది, వారం పది రోజులకు ఫ్యూజు తట్టుకోలేక కాలిపోయేది. కారణం ఎవరికీ తట్టలేదు. లావు తీగ కట్టమని అందరూ సలహా ఇచ్చారు. కట్టేది మాత్రం ఒకే మనిషి.

అతనికి నలభై దాటాయి. నన్ను మామా అంటాడు, నేను అల్లుడా అంటాను. ఇంతకుముందు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేవాడు. కళ్లు మండుతున్నాయని వదిలేసి ఊరికి వచ్చాడు. డిపార్ట్‌మెంటు మనిషి కాడు. అసలు లైన్‌మన్‌కు చాలా ఊళ్లున్నాయి. పిలిస్తే మూడో రోజుకు వస్తాడు, మూడో రోజుకు మా మడి ఎండిపోయి ఉంటుంది. అందుకే ఊరికొక ఎక్కే మనిషి ఉంటాడు. మాకు ఇతను. చేతికి గ్లౌజు లేదు, లైనును భూమికి కలిపే గొలుసు లేదు. జాగ్రత్త మాత్రం ఉంది. మా వంతు కరెంటు అయిపోయేదాకా ఆగుతాడు. లైను పోయాక స్తంభానికి ఉన్న పొడుగాటి హ్యాండిల్ కిందికి లాగుతాడు. పైన మూడు కత్తుల్లాంటి స్విచ్‌లు తెరుచుకోవడం కళ్లారా చూస్తాడు. అప్పుడే ఎక్కుతాడు.

"లైనూ లేదు, స్విచ్చీ లేదు. రెండు తాళాలు ఏసినట్ల కద మామా," అనేవాడు.

అతను ఎంచుకునే ఆ సమయమే తూర్పు లైనుకు కరెంటు వచ్చే సమయం. తొందరపాటు మనిషి పొద్దున్నే, తూర్పు లైను ఆగి ఉన్నప్పుడు, స్విచ్ దించి హడావిడిగా ఎక్కినా బతుకుతాడు. జాగ్రత్తగా మధ్యాహ్నం దాకా ఆగిన మనిషే చస్తాడు. ఇది అర్జీలో రాస్తే ఇంజనీరు చదవనేలేదు.

నాకైనా పూర్తిగా ఆ రోజే తెలిసింది. ఎండాకాలం. మా వంతు అప్పుడే అయిపోయింది. అతను హ్యాండిల్ దించి పైకి ఎక్కాడు. నేను కింద నిలబడి కొత్త ఫ్యూజు తీగను తాడుకు కట్టి అందించాను. మేకలు నీడలో ఉన్నాయి. అతను దూలం మీద కూర్చుని, ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఫ్యూజు వైపు చాపాడు. అప్పుడు నా వెనక గుంయ్‌మని రొద మొదలైంది. మొదట తుమ్మెద అనుకున్నాను. తల తిప్పి చూస్తే అది ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వస్తోంది.

"చెయ్యి తియ్‌రా!" అని అరిచాను.

"ఏందీ?"

"చెయ్యి తియ్! కరెంటుండాది!"

"స్విచ్చి దించినా కద మామా. కనపడ్లేదా, ఎండకు కండ్లు పోయినాయా?" అని నవ్వాడు. చెయ్యి ఇంకొంచెం చాపాడు. జానెడు దూరం ఉంది.

నేల మీద ఉన్న మట్టిపెడ్డ తీసి విసిరాను. వీపు మధ్యలో తగిలింది. "నీ యబ్బ, పిచ్చి పట్టినాదా!" అని చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు తిరిగాడు. ఇంకో తిట్టు నోట్లోనే ఆగిపోయింది. అతనికీ వినిపించింది. ఆ రొద గట్టిదేమీ కాదు, పక్కింట్లో ఎవరో మిక్సీ వేసినంత కూడా కాదు. అతను ఒంటిని ముడుచుకుని, దేన్నీ తాకకుండా, ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ దిగాడు. దిగాక నేల మీద కూర్చుండిపోయాడు. మంచినీళ్లు ఇస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు.

నేను అన్న తోట వైపు పరిగెత్తాను. కొట్టంలో మోటారు నడుస్తోంది. పలక మీద రెండు వరసలూ నిండుగా ఉన్నాయి. పై వరసలో మూడు కట్టౌట్లూ లాగేశాను. దూరం నుంచి అల్లుడు చెయ్యి ఊపాడు. రొద ఆగిందని అర్థం. అదే సమయానికి అన్న చెట్ల మధ్య నుంచి వచ్చాడు.

"ఎవురప్పా అది కొట్టంలో? ఓహో, నువ్వేనా! నా కొట్టంలో నీకేం పని?"

"అన్నా, నీ కట్టౌట్లు ఇప్పుడు ఒక మనిషిని సంపేస్తాండె."

"యాడ మనిషి? యాడ సచ్చినాడు?"

"సావలేదు. నేను ఆపినా."

"మరి సావకపోతే ఇంగేందప్పా నీ బాధ? సచ్చినోడుంటే చూపించు, పంచాయితీ పెడ్దాం. నా చెట్లు మాత్రం నిజంగానే సస్తాండాయి. అవి చూపిస్తా రా."

సాయంత్రం పంచాయితీ పెట్టారు. చచ్చినవాడి కోసం కాదు, నేను అన్న కొట్టంలో చొరబడ్డానని. పెద్దమనుషులు నలుగురు కూర్చున్నారు. నేను చుట్ల సంగతి, ఇనుము సంగతి, వెనక నుంచి ఎక్కే సంగతి చెప్పాను. ఒక పెద్దాయన, "నీళ్లు పైనుంచి కిందికి పారతాయి గానీ కిందనుంచి పైకి పారతాయాప్పా?" అన్నాడు. అందరికీ ఆ మాట నచ్చింది. తర్వాత అల్లుణ్ణి అడిగారు.

"రొద ఇన్నావా నువ్వు?"

అతను అన్న వైపు చూశాడు. అన్న తోటలో అతని భార్య కాయలు కోసే పనికి పోతుంది. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఏమోన్నా. ఇన్నట్లే ఉండె. గాలి మోత కూడా అయ్యుండచ్చు."

ఇక ఆ కొట్టంలో అడుగు పెట్టనని నాతో కాగితం మీద సంతకం చేయించారు. తీగలు కట్టినప్పుడు మెచ్చుకున్న మనుషులే. ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో కూడా నాకు గుర్తుంది. మరుసటి రోజుకు పై వరసలో కట్టౌట్లు మళ్లీ దోపుకున్నాడు.

అందరూ నన్ను మొండివాడంటారు. ఒక మాట అడుగుతాను. ఆ రోజు నేను మట్టిపెడ్డ విసరకుండా ఉంటే ఏమయ్యేది? శవం ఉండేది. శవం ఉంటే ఇంజనీరు జీపు వేసుకుని వచ్చేవాడు, కట్టౌట్లు పీకించేవాడు, కొత్త పెట్టె పెట్టించేవాడు. మనిషి బతికాడు కాబట్టి నా మాట అబద్ధమైంది.

నాలుగు రోజుల తర్వాత అల్లుడి భార్య మా ఇంటికి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"మామా, సత్తెం చెప్పు. నిజంగా రొద వచ్చినాదా?"

"నీ మొగుణ్ణి అడగలేదా?"

"అడిగితే గాలంటాడు. కానీ పండుకుంటే ఉలిక్కిపడి లేస్తాండాడు. చెయ్యి చూసుకుంటాండాడు. గాలికి ఎవరన్నా అట్ల చేసుకుంటారా?"

వచ్చిందని చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఎక్కొద్దంటే ఇనడు. నువ్వన్నా కింద నిలబడు మామా," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అతను కూడా వచ్చాడు. "ఇన్న్యాలే మామా. నాకు తెల్దా? ఆడ అట్ల చెప్పకపోతే నా పెండ్లానికి పని పోతాది," అన్నాడు. పంచాయితీలో నన్ను ఒంటరిని చేసిన సంగతి నేను మరవనని అతనికీ తెలుసు. కానీ ఎక్కడం మానెయ్యమని చెప్పాను. "నేను మానేస్తే ఇంకోడు ఎక్కుతాడు. వానికి రొద సంగతి కూడా తెల్దు," అన్నాడు.

అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు నడుస్తోంది. మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే ఎక్కమంటే, పొద్దున స్విచ్ పైదాకా లైను బతికే ఉంటుంది, అంత దగ్గర కూర్చోనంటాడు. అందుకని మధ్యాహ్నమే. అతను హ్యాండిల్ దించుతాడు. నేను ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి వింటాను.

"ఏమంటుండాది మామా?"

"గమ్మునుండాది. ఎక్కు."

అతను పైన ఉన్నంతసేపూ నేను కింద ఊపిరి బిగబట్టి వింటూ ఉంటాను. మేకలు గొంతు ఎత్తితే తరిమేస్తాను. దారిన ట్రాక్టరు పోతుంటే అతన్ని దిగిపొమ్మంటాను. తూర్పు కరెంటు ఒకరోజు పావుగంట ముందే వస్తుంది, ఒకరోజు గంట ఆలస్యంగా వస్తుంది. వచ్చిన క్షణం రొద మొదలవుతుంది. ఆ క్షణానికి అతని చెయ్యి ఎక్కడుంటే అంతే. వినడం వల్ల ముందు జాగ్రత్త ఉంటుంది కానీ రక్షణ ఉండదని నాకు బాగా తెలుసు. ఏమీ లేనిదాని కన్నా నయమని నిలబడతాను. మా ఎనిమిది బోర్ల భద్రత అంతా, ఇంతమంది ఇంజనీర్లున్న ఈ కాలంలో, అరవై దాటిన నా రెండు చెవుల మీద ఉంది.

రెండు చెవులు అన్నాను. ఎడమ చెవి పోయి ఏడాది దాటింది. అనంతపురంలో చూపించుకుంటే వయసు వల్ల అన్నారు. కుడిది కూడా తగ్గుతుందని, ముందు సన్నటి శబ్దాలు పోతాయని చెప్పారు. ఈ సంగతి అల్లుడికి చెప్పలేదు. చెబితే భయంతో చెయ్యి వణుకుతుందనుకున్నాను. అది కూడా నా తప్పే, రాసిపెడుతున్నాను.

పోయిన వారం మళ్లీ ఫ్యూజు పోయింది. మధ్యాహ్నం అతను హ్యాండిల్ దించాడు. గాలి విసురుగా ఉంది, కంప చెట్లు ఒకటే మోత. నేను దగ్గరికి పోయి, కుడి చెవి అటు తిప్పి, చాలాసేపు విన్నాను.

"ఏమంటుండాది మామా?"

"గమ్మునుండాది. ఎక్కు."

అతను మూడు మెట్లు ఎక్కి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. మెల్లగా దిగి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మామా, గుంయ్‌మంటాండాది కద. నీకు ఇనపడ్లేదా?"

వినపడలేదు. అతను ఆ మాట చెప్పాక కూడా వినపడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ అడుగుకు దగ్గరగా తల పెట్టి చూశాను. గాలి తప్ప ఏమీ లేదు. అతను నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. తిట్టలేదు. తీగ చుట్ట నేల మీద పెట్టి ఇంటికి పోయాడు. మూడు రోజులు ఎవరూ ఎక్కలేదు. నాలుగో రోజు టమాటా మళ్లు వాలిపోయాయి. ఏడుగురు రైతులు కలిసి అతని ఇంటికి పోయి, అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ రోజు తూర్పు కరెంటు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఫ్యూజు కట్టి దిగాడు. ఫ్యూజు మళ్లీ పోతుంది. వారమో, పది రోజులో.

ఇప్పుడు నేను అడిగేది ఇది. తుప్పు పట్టిన పెట్టె స్థానంలో హ్యాండిల్ ఉన్న కొత్త పెట్టె పెట్టేది ఎవరు? అన్న కొట్టంలో పలక మీద రెండో వరస కట్టౌట్లు తీయించే అధికారం ఎవరికి ఉంది? గొలుసు, గ్లౌజులు ఉన్న మనిషిని పంపేది ఎవరు? అర్జీ అందిందని ముద్ర వేయడం నాకు జవాబు కాదు. చూస్తామనడం జవాబు కాదు. ఎవరు, ఏ రోజు వస్తారో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి నాకు ఇవ్వండి. ఇంజనీరు గారైనా సరే, ఆయన పైవారైనా సరే, ఆ రోజు పంచాయితీలో కూర్చున్న నలుగురైనా సరే. ఎవరో ఒకరు జవాబు చెప్పండి. మళ్లీ ఫ్యూజు పోయేలోగా చెప్పండి.